తునికికుంట దగ్గర ఊరికే

నేను తునికికుంటకు గురువారాలు వెళ్తాను. గురువారమే ఎందుకంటే ఆ రోజు మావారికి ఒక్కపొద్దు. పగలంతా పండూ పాలూ తప్ప మరేమీ ముట్టరు, రాత్రికే భోజనం. మా అత్తగారు కూడా కొడుకుతో పాటే ఒక్కపొద్దు ఉంటారు. అంటే వారానికి ఆ ఒక్కరోజు మా ఇంట్లో మధ్యాహ్నం పొయ్యి వెలిగించే పని లేదు. దేవుడి మీద మావారికున్న భక్తిని నేనెంతగా గౌరవిస్తానో ఆయనకు పూర్తిగా తెలియదు.

మా కాలనీ నగరానికి ఒక చివర ఉంది. అక్కడ బస్సెక్కితే ఇరవై నిమిషాల్లో అడవి మొదలవుతుంది. రోడ్డు దిగి తునికి చెట్ల మధ్య కాలిబాట పట్టుకుంటే కుంట వస్తుంది. పెద్దదేమీ కాదు. ఒడ్డున పడుకున్న గేదె వీపులా ఒక నల్లరాయి ఉంటుంది. దాని మీద ఒక గంట కూర్చుని తిరిగి వస్తాను. నాలుగేళ్లుగా ఇదే అలవాటు.

"అక్కడేం చేస్తావు?" అని మావారు మొదట్లో అడిగారు.

"ఏమీ చెయ్యను. ఊరికే కూర్చుంటాను."

"అదేదో ఇంట్లోనే కూర్చోవచ్చు కదా, ఇందూ."

కూర్చోవచ్చు. కానీ ఇంట్లో కూర్చుంటే నా కళ్లజోడెక్కడ అంటారు, బీపీ మాత్ర వేసుకున్నానా లేదా అంటారు, చార్జర్ చూశావా అంటారు, ఇవాళ కూరేంటి అంటారు. అన్నిటికీ జవాబులు నాకు తెలుసు, వచ్చిన చిక్కల్లా అదే. తునికికుంట నన్ను ఏమీ అడగదు. వారంలో మిగతా నూట అరవై ఏడు గంటలూ నేను ఆ ఒక్క గంట మీదే నడుస్తాను. ఈ మాట ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కనుక.

మొన్న వేసవి దాటాక ఒక గురువారం వెళ్లేసరికి కాలిబాటకు అడ్డంగా గేటు ఉంది. గేటు పక్కన గది, గదిలో కంప్యూటరు, కంప్యూటరు ముందు శ్రీలత అనే అమ్మాయి. గోడ మీద 'అటవీ సందర్శన ప్రయోజన మండలి' అని బోర్డు. ఆ కుంటకు ఏళ్ల తరబడి కాపలా కాసిన లచ్చిరాం కొత్త ఖాకీ చొక్కాలో నిలబడి ఉన్నాడు. చొక్కా ఒక సైజు పెద్దది. కాలరు కుట్టు వంకర.

"ఏం లచ్చిరాం, ఇదంతా ఏమిటి?"

"నాకేమెర్క మేడమ్. పోయిన సోమారం లారీల వచ్చింది. దించుకున్నం."

శ్రీలత మర్యాదగా అడిగింది. "సందర్శన ప్రయోజనం చెప్పండి మేడమ్."

"ఊరికే అమ్మా."

ఆమె కంప్యూటరులో వెతికింది. పద్నాలుగు ప్రయోజనాలు ఉన్నాయట. పరిశోధన, పక్షి వీక్షణ, ఛాయాచిత్రణ, ధ్యానం, పెళ్లికి ముందు ఫోటోలు, పెళ్లికి తర్వాత ఫోటోలు, ఇంకా ఏవేవో. ఊరికే మాత్రం లేదు.

"ఇందులో ఏదో ఒకటి పెట్టుకోండి మేడమ్, లేకుంటే కింది గడి తెరుచుకోదు."

మేమిలా మాట్లాడుకుంటూ ఉండగా ఎల్లవ్వ అనే ఆవిడ చీపురు భుజానేసుకుని పక్కనున్న చిన్నగేటు తోసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఊడ్చే మనిషి. అప్పట్లో నేనా సంగతి పెద్దగా పట్టించుకోలేదు.

నాకు అబద్ధం చెప్పడం ఇష్టముండదు. కానీ బస్సు దిగి వచ్చాను, గంట కరిగిపోతోంది. "పక్షి వీక్షణ అని రాయమ్మా" అన్నాను. వెంటనే నా మెడలో ఒక దుర్భిణి వేసి, చేతిలో అచ్చు కాగితం పెట్టారు. వచ్చేటప్పుడు ఆ కాగితం ఖాళీగా ఇచ్చాను. శ్రీలత కంగారు పడింది.

"ఒక్క పక్షి కూడా చూడలేదా మేడమ్?"

"చూశాను. పేర్లు అడగలేదు."

నా పేరు పక్కన 'అసంపూర్ణ సందర్శన' అని పడింది. మూడు అసంపూర్ణాలైతే ప్రవేశం రద్దట. బీఎస్సీ వృక్షశాస్త్రం మొదటి తరగతిలో పాసైన నేను జీవితంలో మొదటిసారి ఒక పరీక్ష తప్పాను.

అక్కడితో ఊరుకుని వచ్చేవారం నాలుగు పక్షుల పేర్లు రాసిస్తే సరిపోయేది. నేను అలా చెయ్యలేదు. ఆఫీసుకు ఉత్తరం రాశాను. 'అయ్యా, నేను నాలుగేళ్లుగా ఏ ప్రయోజనమూ లేకుండా మీ కుంటకు వస్తున్నాను. దయచేసి అలాగే రానివ్వగలరు.' అంతే. రెండు వాక్యాలు. ఒక తెల్లకాగితం వెంట ఎంతమంది ఉద్యోగులు నడుస్తారో నాకు అప్పటికి తెలియదు.

పదిహేను రోజుల్లో విచారణకు రమ్మని పిలుపు వచ్చింది.

మండలి అధికారి దక్షిణామూర్తి గారు. యాభై దాటి ఉంటాయి. బల్ల మీద గాజుపలక, గాజుపలక కింద ఆయన సన్మానాల ఫోటోలు. నా ఉత్తరం అప్పటికే లావుపాటి ఫైలై కూర్చుంది.

"తమరు సందర్శన స్థలంలో ఏ కార్యాచరణ చేపడుతున్నారు?"

"ఏమీ లేదండీ."

"సదరు ఏమీ లేకపోవడాన్ని ఎంతసేపు నిర్వహిస్తారు?"

"గంటసేపు."

"పరికరాలు?"

"ఒక రాయి ఉందండీ. అక్కడిదే."

"పర్యవేక్షణ ఎవరిది?"

"ఎవరూ లేరండీ. నేనొక్కదాన్నే."

దక్షిణామూర్తి గారు కలం కింద పెట్టారు. "అంటే నాలుగు సంవత్సరాలుగా ఎలాంటి శిక్షణా పర్యవేక్షణా లేకుండా, ఒంటరిగా, ఏమీ చేయకుండా ఉంటున్నారా?"

లైసెన్సు లేకుండా లారీ నడుపుతూ పట్టుబడిన దానిలా నేను తల వంచుకున్నాను.

కోప్పడతారనుకున్నాను. ఆయన కోప్పడలేదు. లేచి, కిటికీ దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, చాలా మెల్లగా అన్నారు. "అమ్మా, తమరి ఉత్తరం సకాలంలో అందినది. గత మాసమే నేను ఒక జాతీయ సదస్సుకు హాజరైతిని. అంశం, 'ఏమీ చేయకపోవడం ద్వారా ఉత్పాదకత పెంపు'. మూడు దినములు, ఇరవై రెండు ప్రసంగములు. టీ తాగుటకు కూడా సమయము చిక్కలేదు. ప్రపంచమంతా నేడు ఏమీ చేయకపోవడంలో ముందుకు దూసుకుపోతున్నది. మనం వెనుకబడి ఉన్నాము. ఇకమీదట ఉండబోము."

నేను సంతోషపడ్డాను. ఇది రాయకపోతే అబద్ధమవుతుంది. ఇంటికొచ్చి మావారితో "ఊరికే కూర్చోవడానికి పర్మిషన్ వస్తోంది" అని చెప్పాను కూడా.

"పర్మిషనా?" అన్నారాయన. "నన్నడిగితే నేనే ఇచ్చేవాణ్ని కదే."

నెలరోజుల్లో పదిహేనో ప్రయోజనం అమల్లోకి వచ్చింది. దాని పేరు 'నిష్ప్రయోజన విభాగం'. అందులో చేరాలంటే పని లేనట్టు ధ్రువపత్రం కావాలి. మండల ఆఫీసులో క్యూ పెద్దదిగానే ఉంది. నా ముందున్న పెద్దమనిషి రిటైరైన ఇంజనీరు. ఆయనకు ధ్రువపత్రం ఇవ్వలేదు, మనవణ్ని రోజూ బడి నుంచి తెస్తారని పొరుగువాళ్లు చెప్పారట. నా వంతు వచ్చింది. గుమాస్తా నన్ను ఒకే ప్రశ్న అడిగాడు.

"ఉద్యోగం?"

"గృహిణినండీ."

మరో మాట అడగకుండా ముద్ర వేశాడు. జిల్లాలో మొట్టమొదటి ధ్రువపత్రం నాదే. 'పై వ్యక్తికి ఏ పనీ లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.' సంతకం, తేదీ, గుండ్రటి ముద్ర. ఇంటికి తెస్తే మా అత్తగారు చదివించుకుని విన్నారు.

"గిది నేను పెండ్లప్పటిసంది చెప్తనే ఉన్న గద" అన్నారు. "దీనికి ఆఫీసుల దాకా పోవుడెందుకు?"

మావారు నవ్వారు. నేనూ నవ్వాను. కుక్కరు మూడో కూత వేసింది, వెళ్లి దించాను.

ఆ గురువారం తునికికుంటలో నాకు దండ వేశారు. గేదె వీపు రాయి దగ్గరికి వెళ్లబోతే శ్రీలత ఆపింది. "అది అనధికార ఆసనం మేడమ్." నిష్ప్రయోజన విభాగానికి సిమెంటు బెంచీలు కట్టారు. నాది ఒకటో నంబరు. దాని ముందు నిబంధనల బోర్డు నిలబెట్టారు. బోర్డు ఎంత విపులంగా ఉందంటే దాని వెనక కుంట కనిపించలేదు.

నిబంధనలు నేను రెండుసార్లు చదివాను. చదవడమైతే మొదటి ఐదు నిమిషాలే చెయ్యొచ్చు, ఆ తర్వాత అది పఠనం కిందికి వస్తుంది. కూర్చున్నవారు పక్షులను చూడరాదు, చూసినచో పక్షి వీక్షణ విభాగమునకు మారుదురు. కళ్లు మూయరాదు, అది ధ్యానము. కూనిరాగము సాంస్కృతిక కార్యక్రమము. నీటిలో కాళ్లు పెట్టుట జలక్రీడ. నిట్టూర్పు గురించి కమిటీ ఇంకా నిర్ణయానికి రాలేదట.

ఒక నీటికోడి బోర్డు పక్కనుంచి ఈదుకుంటూ నా ఎదుటికి వచ్చింది. నేను మర్యాదగా మొహం తిప్పుకున్నాను.

లచ్చిరాం నా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అతనికి 'నిష్క్రియా పర్యవేక్షకుడు' అని ప్రమోషన్ ఇచ్చారు. పది నిమిషాలకోసారి నేనేం చేస్తున్నానో రిజిస్టరులో రాయాలి.

"మేడమ్, ఇప్పుడేం జేస్తుండ్రు?"

"ఏమీ లేదు లచ్చిరాం."

"ఏం చేస్తలేరు" అని పైకి చదువుకుంటూ రాశాడు. గడియారం చూసుకుని గమ్మున కూర్చున్నాడు. మళ్లీ పది నిమిషాలకు, "మేడమ్, ఏమనుకోకుండ్రి. ఇప్పుడు?"

"ఏమీ లేదు."

"మళ్ల గదేనా? సారు ఒక్క తీరుగ రాస్తే ఊకోడు. జర ఏమన్న మార్చి చెప్పరాదుండ్రి."

"మార్చి చెబితే ఏదో ఒకటి చేసినట్టే కదా."

"అవు గద" అని తల గోక్కున్నాడు. మూడోసారి అడిగి జవాబు కోసం ఆగలేదు, పరీక్షగా చూసి రాసుకున్నాడు. నేను తొంగి చూశాను. 'పదకొండు ముప్పై. ముక్కు గోక్కున్నరు.'

"ముక్కు కాదు లచ్చిరాం, చెవి."

పాపం, కొట్టివేసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, చెవి అని రాశాడు.

ఆ గంటలో నన్ను ఆరుసార్లు ప్రశ్న అడిగారు. మా ఇంట్లో కూడా గంటకు ఆరు దాటదు.

ఆ తర్వాత విభాగం పుంజుకుంది. ఎవరో వీడియో తీసి పెట్టారట. వారం తిరిగేసరికి కంపెనీల వాళ్లు బ్యాచీలుగా రావడం మొదలుపెట్టారు. ఒకే రంగు బనియన్లు, వాటి మీద 'నేను ఏమీ చేయను' అని రాత. వాళ్లకు శిక్షకుడు కూడా వచ్చాడు. ఈల వేసి, "అందరూ భుజాలు వదిలెయ్యండి! ఇంకా గట్టిగా వదలాలి!" అని అరిచేవాడు. తొమ్మిదో నంబరు బెంచీ మీదున్న ఒకాయన దోమను కొట్టినందుకు హెచ్చరిక అందుకున్నాడు. అది వన్యప్రాణి విభాగమా, క్రీడా విభాగమా అన్న దాని మీద శ్రీలతకూ శిక్షకుడికీ వాదన జరిగింది. దక్షిణామూర్తి గారు స్వయంగా వచ్చి తేల్చారు. "దోమ మరణించినచో వన్యప్రాణి. తప్పించుకున్నచో క్రీడ."

మా కాలనీలో నాకు గౌరవం పెరిగింది. వెనక వీధి సుభాషిణి గారు మా వంటింటి దాకా వచ్చి అడిగారు. "మీరు చాలా బాగా ఏమీ చెయ్యరటగా! మాకూ కొంచెం నేర్పరాదూ, ఇందుమతిగారూ." నేను పప్పు కడుగుతూనే వినయంగా నవ్వాను.

నిజానికి నాకు నిద్ర పట్టడం లేదు. గురువారం వస్తోందంటే బుధవారం నుంచే దడ. ఏమీ చెయ్యకుండా ఉండగలనా, మధ్యలో ఏదైనా చేసేస్తానా అని. ఇదివరకు ఆ భయం లేదు. ఇదివరకు రాయి మీద కూర్చుంటే గంట ఎప్పుడైపోయేదో తెలిసేది కాదు. ఇప్పుడు ప్రతి నిమిషం తెలుస్తోంది, రిజిస్టరులో ఉంటుంది కనుక.

నేను భయపడ్డట్టే అయింది. ఒక గురువారం దక్షిణామూర్తి గారు తనిఖీకి వచ్చి నా ముందు ఆగారు.

"తమరి పెదవులు కదిలినవి."

"కదిలాయా అండీ?"

"రెండు పర్యాయములు. ఏమి యోచించుచుంటిరి?"

నాకు అబద్ధం చెప్పడం ఇష్టముండదని చెప్పాను కదా. "దోసెలకు పప్పు నానబెట్టానా లేదా అని అండీ."

వెనకున్న కంపెనీ వాళ్లు 'అయ్యో' అన్నట్టు నోటితో శబ్దం చేశారు. వాళ్లకు కూడా హెచ్చరిక రాశారు.

"పప్పు నానబెట్టుట కార్యము" అన్నారు దక్షిణామూర్తి గారు, ఎంతో బాధతో. "దాని గూర్చి యోచించుట కార్యానికి సన్నాహము. తమరు మా ప్రథమ లబ్ధిదారు. తమరికే పని ఉన్నట్టు తేలినచో విభాగము పరువేమి గాను? క్షేత్రస్థాయి పరిశీలన తప్పదు. తమరి గృహమునకు వచ్చెదను. కంగారుపడకుడు. నాలుగు గంటలు, అంతే."

ఆయన బుధవారం పొద్దున ఏడున్నరకు వచ్చారు. హాల్లో కుర్చీ వేశాను. పుస్తకం తెరిచి ఒడిలో పెట్టుకున్నారు.

"నేను లేననుకొనుడు. తమరు సహజముగా ఉండుడు."

సహజంగానే ఉన్నాను. వేరేగా ఉండటానికి బుధవారం పొద్దున నాకు వీలుండదు. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, ఆ రోజు వచ్చే రోజు. పట్టాను. ఆ మధ్యలోనే పాలు పొంగకుండా చూశాను. బడికి వెళ్లే మా అమ్మాయికి డబ్బా, మావారికి డబ్బా, అత్తగారికి జావ. అబ్బాయి బెల్టు మంచం కింద ఉందని వంటింట్లోంచే చెప్పాను. గ్యాసు బండ వచ్చింది, దింపించాను. సీలు సరిగ్గా లేకపోతే బండ మార్పించాను. దక్షిణామూర్తి గారికి టీ ఇచ్చాను. ఉప్మా పెట్టాను, అల్లం పచ్చడి వేశాను. తిన్నాక ఆయనకు కడుపులో కాస్త బరువుగా ఉందంటే వాము వేయించి నీళ్లు కాచి ఇచ్చాను. చీర కుచ్చిళ్లు దోపుకుని హాలు తుడుస్తుంటే ఆయన కాళ్లు పైకి పెట్టుకున్నారు. ఆ కాళ్ల కింద కూడా తుడిచాను.

పదకొండున్నరకు ఆయన మొహం అదోలా అయిపోయింది. నేను పనిలో ఉన్నాను, ఆయన రాయడంలో ఉన్నారు. ఇద్దరిలో అలిసిపోయింది ఆయనే.

"ఇంకనూ ఎన్ని ఉన్నవమ్మా?" అన్నారు ఒక దశలో, ఆఫీసు గొంతు కాస్త తగ్గించి.

"మధ్యాహ్నానివి ఇంకా మొదలుపెట్టలేదండీ."

నివేదిక నకలు వారానికి వచ్చింది. మావారు భోజనాల బల్ల దగ్గర పైకి చదివారు. "దరఖాస్తుదారు పరిశీలనా కాలమందు ఒక్క నిమిషమైనను కూర్చొని ఉండలేదు. రెండు చేతులతో రెండు పనులు, నోటితో మూడవది నిర్వహించుచుండెను. మొత్తము నమోదైన పనులు నలభై రెండు. నలభై రెండవది, పరిశీలకుని కలములో సిరా అయిపోగా రీఫిల్ తెచ్చి ఇచ్చుట. నలభై మూడవ పని మొదలగుచుండగా పరిశీలకుని శారీరక పరిస్థితి దృష్ట్యా పరిశీలన ముగించడమైనది. ఈమెకు పని లేదనుట వాస్తవమునకు పూర్తిగా విరుద్ధము. ఈమె అవిచ్ఛిన్నముగా పని చేయు వ్యక్తి. కావున పని లేదన్న ధ్రువపత్రము రద్దు చేయడమైనది. నిష్ప్రయోజన విభాగములో ప్రవేశమునకు ఈమె శాశ్వతముగా అనర్హురాలు."

ఆయన కాగితం కింద పెట్టారు. తర్వాత తను తాగిన గ్లాసు తనే తీసుకెళ్లి వంటింట్లో పెట్టి వచ్చారు. పెట్టాల్సిన చోట పెట్టలేదు.

"నలబై రెండేనా?" అన్నారు మా అత్తగారు, గోడ వైపు చూస్తూ. "మా కాలంల గివి పొద్దుగాల్లనే అయిపోతుండె. నాయి రాసెటందుకే ఎవ్వడు రాలే."

ఆ నివేదికను నేను బీరువాలో బీఎస్సీ పట్టా పక్కన పెట్టాను. రెండిట్లోకీ అదే నాకు నచ్చింది. నేను పని చేస్తానని ప్రభుత్వ ముద్రతో ఉన్న కాగితం మా కాలనీలో ఇంకే ఆడమనిషి దగ్గరా లేదు. కానీ దాన్ని పెట్టుకుని ఏం చెయ్యను? పక్షి వీక్షణకు వెళ్దామంటే అక్కడ ఒక అసంపూర్ణం ఉంది. మిగిలిన పదమూడింటిలో ఏది ఎంచుకున్నా అబద్ధమే. నిజం చెప్పి వెళ్లే ఒక్క దారినీ నా ఉత్తరంతో నేనే తెరిపించి నేనే మూయించుకున్నాను.

రెండు గురువారాలు ఇంట్లోనే ఉన్నాను. మొదటి గురువారం కళ్లజోడు వెతికి ఇచ్చాను. రెండో గురువారం గ్రైండరు కడుగుతుంటే అకారణంగా ఏడుపొచ్చింది. ఎందుకని అడిగారు. కారణం వెతికి చెప్పడం నలభై మూడో పని అయింది.

మూడో గురువారం బస్సెక్కాను. లోపలికి వెళ్లాలని కాదు. గేటు బయట నుంచి తునికి చెట్లు కనిపిస్తాయి, అవైనా చూసి వద్దామని.

గది మూసి ఉంది. శ్రీలత అతిథుల వెంట లోపలికి వెళ్లిందట. మండలికి ఏదో అవార్డు, రాజధాని నుంచి పెద్దవాళ్లు వచ్చారు. లచ్చిరాం గేటు దగ్గర ఒక్కడే ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఏం మేడమ్, అవుపడ్తనే లేరు?"

"నాకు ప్రవేశం లేదు లచ్చిరాం. పని ఉన్నదాన్నని తేల్చారు."

"విన్న మేడమ్. మా రిజిస్టర్ల ఎర్రగీత కొట్టిండ్రు." కాసేపు నేల చూశాడు. "నాకైతే మనసుల పట్టలే. గిన్నేండ్లసంది చూస్తున్న, మీరు ఒక్క ఆకు తెంపింది లేదు, ఒక్క కాయితం పారేసింది లేదు. ఇప్పుడొస్తున్నోళ్లు పోయినంక మూడు బస్తాలు ఏరుతున్నం. అది సుత నేనే ఏరుతున్న. ఎల్లవ్వ బిడ్డ పురుటికని పోయింది, నెలదాకా రాదు. ఒడ్డు పొంటి ఊడ్చేటోళ్లు లేక సారు నా మీద గరమైతుండు."

ఎల్లవ్వ చీపురు చిన్నగేటుకు ఆనించి ఉంది. నేను దాన్ని చూశాను. నేను చూడటాన్ని లచ్చిరాం చూశాడు.

"ఈ చిన్నగేటులో నుంచి వెళ్లేవాళ్లకు ఫారం ఉందా?" అని అడిగాను.

"ఫారం పెద్దగేటుకే మేడమ్. పనికొచ్చేటోళ్లను ఎందుకొచ్చినవని ఎవరడుగుతరు?"

కొంగు నడుముకు దోపుకుని చీపురు అందుకున్నాను. కట్టు వదులుగా ఉంది. నేలకు రెండుసార్లు తట్టి బిగించుకున్నాను.

బెంచీల వరస వెనక నుంచి నడిచాను. ఇరవై నాలుగు బెంచీల మీద ఇరవై నలుగురు నిటారుగా, చెమటలు పోసుకుంటూ ఏమీ చేయడం లేదు. శిక్షకుడు ఈల నోట్లో పెట్టుకుని వాళ్లనే చూస్తున్నాడు. నన్నెవరూ చూడలేదు. మలుపు తిరిగితే గేదె వీపు రాయి. అనధికార ఆసనం కనుక అటు ఎవరూ రారు. రాయి చుట్టూ మోదుగాకులు పేరుకుని ఉన్నాయి.

పని మీద లోపలికి వచ్చాను, పని చెయ్యకపోతే అబద్ధమవుతుంది. రాయి చుట్టూ ఊడ్చాను. ఆకులు ఒక పక్కకు, ప్లాస్టిక్ ఒక పక్కకు. పదిహేను నిమిషాలు పట్టింది. అప్పుడు రాయెక్కి, చీపురు ఒడిలో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాను. ఎండకు కొంగు నెత్తి మీద వేసుకున్నాను.

కుంట అక్కడే ఉంది. మధ్యలో బోర్డు లేదు.

కొంతసేపటికి వెనక అడుగుల చప్పుడైంది. దక్షిణామూర్తి గారి గొంతు గుర్తుపట్టాను. అతిథులకు వివరిస్తున్నారు. "ఇటువైపు మానవ సంచారము పూర్తిగా నిషేధించడమైనదండీ."

"మరి అక్కడ కూర్చుందెవరు?" అని ఎవరో అడిగారు.

నాలుగు గంటలు మా హాల్లో కూర్చుని నన్ను చూసి రాసుకున్న మనిషి, మా ఇంటి ఉప్మా తిన్న మనిషి, వాము నీళ్లు తాగిన మనిషి, ఇటు తిరిగి నన్ను చూశారు. నేను కదల్లేదు.

"ఎవరూ కాదండీ" అన్నారు. "ఊడ్చేవాళ్లు."

అడుగుల చప్పుడు దూరమైపోయింది. ఇంత మంచి మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

తర్వాత నీటికోడి వచ్చింది. దాన్ని తృప్తిగా చూశాను. కాసేపు కళ్లు మూసుకున్నాను. చెప్పులు విడిచి కాళ్లు నీళ్లలో పెట్టాను. దోసెల పప్పు గురించి కూడా ఆలోచించాను, పెదవులు కదుపుతూనే. కూనిరాగం తీశానేమో కూడా, గుర్తులేదు. గంట ఎప్పుడైందో తెలియలేదు.

చిన్నగేటు దగ్గర చీపురు తిరిగి లచ్చిరాం చేతికిచ్చాను.

"అయిపోయిందా మేడమ్?"

"ఎక్కడిది" అన్నాను. "రాయికి అవతల పక్క అంతా మిగిలిపోయింది. వచ్చే గురువారం వచ్చి ఊడుస్తాను."